సోల ఎంత బరువు?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము వంటింటికి సంబంధించినది. ఫైళ్లలో మునిగియుండువారు సాధారణముగా ఇట్టి విషయములను ఇల్లాండ్రకు విడిచిపెట్టి, తాము విస్తరి ముందు కూర్చుండినప్పుడు మాత్రమే అభిప్రాయము వెలిబుచ్చుచుందురు. అయినను ఇందులో లెక్క యున్నది, చట్టమున్నది, కొంత చరిత్రయు నున్నది. కావున మగవారును కొంచెము చెవి యొగ్గుట మంచిది. విషయమేమనగా, సోలలతోను గ్లాసులతోను కొలిచి వ్రాసికొన్న వంట వస్తువులను గ్రాములలోనికి మార్చుకొనుట ఎట్లు?

ఈ ప్రశ్న స్వగ్రామమున నున్నవారికి పుట్టదు. అచ్చట సోల యున్నది, కొలుచు చేయి యున్నది, చూచి నేర్చుకొను కన్నులున్నవి. ఊరు విడిచి ఢిల్లీ, భోపాల్, కలకత్తా వంటి దూరపు పట్టణములకు ఉద్యోగమునకై వచ్చిన కుటుంబములలోనే ఇది పుట్టును. అంగడివాడు కిలోలలో ఇచ్చును. అమ్మ వ్రాసి యిచ్చిన పుస్తకము సోలలలో ఉండును. రెంటికి నడుమ వంతెన వేయవలసినది కొత్తగా కాపురము పెట్టిన పిల్ల.

ఢిల్లీలో ప్రభుత్వోద్యోగుల నివాసములలో నున్న ఒక కుటుంబమునకు జరిగిన సంగతి చెప్పిన విషయము తేటపడును. ఆ యింటి ఇల్లాలిది కృష్ణా జిల్లాలోని ఒక పల్లె. పెండ్లియైనది మొదలు ప్రతి వేసవిలోను తల్లి పెట్టిన ఆవకాయ జాడీ రైలులో ఆమెతో వచ్చుచుండెను. జాడీ మూతిపై తెల్లని గుడ్డ, దానిపై పురికొస, కొసన తల్లి వేసిన ముడి. ఆ ముడి విప్పుటకు పిల్లలు పోటీపడుచుండిరి. ఒక యేడు మార్గశిరములో తల్లి కాలము చేసినది. ఆమె వస్తువులలో కూతురు అడిగి తెచ్చుకొన్నది ఒక్కటే, అట్ట ఊడిన బడిపిల్లల నోటు పుస్తకము. అందులో ఆవకాయను గూర్చి అయిదు పంక్తులున్నవి. ముక్కలు అయిదు సోలలు, ఆవపిండి సోల, కారము సోల, ఉప్పు ముప్పాతిక సోల, నూనె సోలన్నర. మెంతులకు కొలత లేదు, గుప్పెడు అని మాత్రమున్నది.

ఎండలు ముదిరి మామిడికాయలు వచ్చినవి. ఆమె ఊరిలోని అన్నగారికి ఫోను చేసినది.

“అన్నయ్యా, అమ్మ సోల ఇంకా ఉందా?”

“ఉందమ్మా. బియ్యం డబ్బాలోనే ఉంది.”

“అది ఎన్ని గ్రాములో కాస్త తూయించి చెప్పవూ?”

అన్నగారు శ్రద్ధగల మనిషి. ఆ సాయంత్రమే సోలను సంచిలో వేసికొని కిరాణా దుకాణమునకు పోయి, సోలెడు బియ్యము పోయించి, కాటాలో తూయించి, పాత్ర బరువు తీసివేయించి, “సరిగా మూడు వందల ఇరవై” అని తెలిపెను. ఆ లెక్కలో తప్పు లేదు. సోలెడు బియ్యము 320 గ్రాములే. ఈమె దానిని పట్టుకొని అన్నిటికిని గుణించుకొన్నది. ముక్కలు 1600 గ్రాములు, ఆవపిండి 320, కారము 320, ఉప్పు 240, నూనె 480. ప్రతిదానిని కొత్తగా కొన్న కాటాపై ఒక్క గ్రామైనను తేడా రాకుండ తూచి కలిపి జాడీ కెత్తినది. మూడవనాడు తిరుగగలిపి రుచి చూచిరి. ఘాటు ఎక్కువగా, ఉప్పు తక్కువగా తోచినది. కొత్త ఆవకాయ అట్లే యుండును, ఊరిన సర్దుకొనునని అనుకొనిరి. నూనె ముక్కలపై తేలలేదు. వానలు పడుటతో జాడీలో తెల్లని బూజు అంచులనుండి మొదలై నడిమికి ప్రాకినది. పైపొర తీసివేసిన క్రింద వాసన మారియున్నది. జాడీ మొత్తము పారబోయవలసి వచ్చినది. ఆమె ఆ దినమున భోజనము చేయలేదని చెప్పుదురు. ఆవకాయ పోయినదని కాదు. అమ్మ చెప్పినట్లు చేసినను రాలేదే, అమ్మ చేయి తనకు అందలేదే యని.

ఆ వరుస యిండ్లలోనే తూనికలు కొలతల తనిఖీ పనిలో చిరకాలముండి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దాయన ఒకరుండిరి. సంగతి విని వచ్చిరి.

“ఏమ్మా, మూడు వందల ఇరవై అన్నావే, అది దేని బరువు?”

“సోల బరువండీ, బాబాయిగారూ.”

“సోలకు బరువేమిటమ్మా? ఉంటే ఇత్తడి బరువు ఉండాలి. అందులో ఏం పోసి తూచారు?”

“బియ్యం పోసి తూచారండి.”

“మరి నువ్వు ఆవకాయ పెట్టింది బియ్యంతో కాదుగదా!”

విషయమంతయు ఈ మాటలోనే యున్నది. కొలత వేరు, తూనిక వేరు. కొలత వస్తువు ఆక్రమించు చోటును చెప్పును, తూనిక దాని భారమును చెప్పును. ఒకే సోలలో నీరు, బియ్యము, ఉప్పు, కారము పోసిన నాలుగును ఒకే చోటును నింపును గాని నాలుగు బరువులు తూగును. కావున “సోలకు ఎన్ని గ్రాములు” అను ప్రశ్నకు జవాబు లేదు. “సోలెడు ఉప్పుకు ఎన్ని గ్రాములు” అనిన జవాబున్నది. అదియు ఏ సోల, ఏ ఉప్పు అని అడిగిన పిమ్మటనే.

ఇట్టి తికమక మనవారికి మాత్రమే కలిగినది కాదు, నేటిదియు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో తూనికలు కొలతల అధ్యాయమున్నది. అందు ద్రోణమను కొలపాత్రను నిర్ణయించునపుడు ఇన్ని అంగుళముల లోతు, ఇంత వెడల్పు అని చెప్పలేదు. ఇన్ని పలముల మినుములు పట్టునది ద్రోణమని చెప్పినాడు. అనగా కొలతను తూనికతో కట్టివేసి, ఏ ధాన్యముతో తూచవలెనో ఆ ధాన్యము పేరునుగూడ చెప్పినాడు. ఢిల్లీ ఇల్లాలు అడుగుటకు మరచినది ఆ పేరే. ఇంకొక వింత యేమనగా, రాజునకు రావలసిన పన్నును కొలుచు ద్రోణము 200 పలములు, అంగడిలో వ్యవహారమునకు ఉపయోగించునది 187½ పలములు, జీతబత్తెముల ద్రోణము 175, అంతఃపురమునకు ఇచ్చునది 162½. తీసికొనునపుడు పెద్ద పాత్ర, ఇచ్చునపుడు చిన్న పాత్ర! ఖజానా శాఖవారు దీనిని విని నవ్వవచ్చును గాని, జీతములవారు నవ్వలేరు.

మన తెలుగు కొలతల వరుస పెద్దలకు కంఠస్థమే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథమును తెలుగు చేసినది మొదలు ఇట్టి వరుసలు మన బడులలో లెక్కలకు పునాది. వరుసలో చిక్కు లేదు. చిక్కు అంతయు మొదటి మెట్టులో నున్నది. ఒక తాలూకా మానిక ఇంకొక తాలూకా మానికకు సరిపోదు. ఒకే యూరిలో పాలు పోయు సోల, ధాన్యము కొలుచు సోల వేరుగా నుండుట కలదు. దక్షిణమున మద్రాసు పడి 100 ఘనపుటంగుళములు, అనగా సుమారు 1.64 లీటర్లు. అది ప్రభుత్వము నిర్ణయించినది గనుక దానికి అంకె కలదు. అమ్మగారి సోలకు అట్టి అంకెను ఏ ప్రభుత్వమును ఇవ్వలేదు. కంసాలి చేసినంత, వాడుకలో సొట్టలు పడినంత.

తూనికలలో కూడ తికమక లేకపోలేదు. మన జిల్లాలలో వీశె యనగా 40 పలములు, పలము 3 తులములు. అనగా వీశె 120 తులములు, నేటి లెక్కలో 1 కిలో 400 గ్రాములు. అందులో పావు వంతు పదలము, 350 గ్రాములు. దానిలో సగము ఏబులము, 175 గ్రాములు. వీశెలో అయిదవ వంతు శేరు, అనగా 24 తులములు. ఉత్తర హిందూస్థానపు శేరు 80 తులములు, 933 గ్రాములు. మాట ఒక్కటే, బరువు మూడింతలకు మించి తేడా. పైగా కొన్ని ప్రాంతములలో శేరు అనునది కొలపాత్ర పేరుకూడ. పాత వంట పుస్తకములో “శేరు” అని కనబడినచో, ఆ వ్రాసినవారు ఏ జిల్లావారో విచారింపక గ్రాములు వేయరాదు. ఢిల్లీ బజారులో “పావ్” అనునదియు ఇట్టిదే. పూర్వము శేరులో నాల్గవ వంతు గనుక 233 గ్రాములు. కిలోలు వచ్చిన పిమ్మట అదే పేరు 250 గ్రాములకు స్థిరపడినది.

ఆంధ్రప్రదేశము అవతరించిన 1956లోనే, డిసెంబరు మాసమున, తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. దేశములో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు 1న కొన్ని చోట్ల ప్రారంభమై, 1962 ఏప్రిల్ 1 నాటికి తూకములో తప్పనిసరి యైనవి. ఆ చట్టము స్థానమున 1976లో ఇంకొకటి, దాని స్థానమున 2009లో మరియొకటి వచ్చి, చివరిది 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. తులములకు గ్రాములు, శేర్లకు కిలోలు చెప్పు పట్టికలు తూనికనుండి తూనికకు పోవునవి గనుక చక్కగా పనిచేసినవి. ఒక గుణకారముతో సరి. సోలనుండి గ్రాముకు పోవుటకు అట్టి ఒంటి గుణకారము లేదు. చట్టము అంగడి తలుపు వరకే వచ్చినది. వంటింట్లో సోల సోలగానే మిగిలిపోయినది. అది మంచిదే యని అనుకొనువారును ఉన్నారు, వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఒకే పాత్రతో అన్నిటిని కొలిచినంత కాలము ఆ పాత్ర ఎంతదైనను రుచి చెడదు. పాలు మారకుండుటయే దాని గుణము. ఒక వస్తువును కొలిచి, ఇంకొక వస్తువును తూచుటతోనే చిక్కు ఆరంభమగును.

ఇంక పాత్రలో పోయు తీరును గూర్చి. బియ్యము అంచుకు సమముగా అరచేతితో చదును చేసి కొలుచుట యొకటి, పైన కుప్ప నిలుచునంతవరకు పోసి కొలుచుట యొకటి. కౌటిల్యుడు ఈ కుప్పను శిఖ అన్నాడు. పాత్ర కొలతలో నాల్గవ వంతు శిఖలో ఉండునట్లు చేయవలెననియో, లేక శిఖగూడ లోపలనే ఇమిడిపోవునట్లు చేయవలెననియో నియమము పెట్టినాడు. ఇది వట్టి శాస్త్రము కాదు. 400 మిల్లీలీటర్లు పట్టు రెండు పాత్రలున్నవనుకొందము. ఒకదాని మూతి అడ్డకొలత 8 సెంటీమీటర్లు, రెండవదానిది 11. బియ్యము తనంతట తాను నిలుచు వాలునుబట్టి లెక్కించిన, మొదటిదానిపై కుప్ప సుమారు 44 మిల్లీలీటర్లు, రెండవదానిపై సుమారు 113. నీరు పోసిన రెండును సమానమే. బియ్యము కుప్పగా పోసిన రెండవది ఆరవ వంతు ఎక్కువ కొలుచును. ధాన్యము కొనువాడు వెడల్పు మూతి పాత్రను, అమ్మువాడు సన్నని పొడవు పాత్రను తెచ్చుటలో గల రహస్యమిదియే. మన తాతలకు ఇది తెలియును. లెక్క వేసికొనలేదు గాని, ఎవరి పాత్రతో కొలువవలెనను దానిపై మాత్రము చాల సేపు వాదించుకొనుచుండిరి.

పిండ్ల సంగతి ఇంకను చిత్రము. గోధుమపిండిని చెంచాతో తీసి వదులుగా గ్లాసులో పోసిన, 200 మిల్లీలీటర్ల గ్లాసు 100 గ్రాములు తూగును. అదే గ్లాసును పిండి డబ్బాలో ముంచి, అదిమి తీసిన 125 గ్రాములు తూగును. గ్లాసు మారలేదు, పిండి మారలేదు, తీసిన చేయి మారినది. జల్లించిన పిండి వేరు, సంచిలో నెల దినములు నిలిచి దిగిన పిండి వేరు. అందుచేత పిండ్లకు తూనికయే మేలు. బియ్యము, పప్పులు, చక్కెర ఇంతగా మోసము చేయవు. అదే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు బియ్యమును కందిపప్పును సుమారు 160 గ్రాములు, చక్కెర 165, బొంబాయి రవ్వ 140. నెయ్యి 180, పాలు 206, తేనె 280. మెత్తని ఉప్పు 240. కళ్లుప్పు స్ఫటికముల నడుమ గాలి యుండును గనుక తక్కువ తూగును. పూర్వపు గృహిణులు ఆవకాయకు కళ్లుప్పును ఎండబెట్టి దంచి వేసిరి. ఇప్పుడు అంగడిలో వచ్చు సన్నని ఉప్పు దానికంటె దట్టమైనది. పుస్తకములో నున్న ముప్పాతిక సోలను ఈ సన్నని ఉప్పుతో కొలిచిన కొంచెము ఎక్కువ పడునని గుర్తుంచుకొనవలెను.

మన ఇండ్లలోని కొత్త పాత్రలను గూర్చియు ఒక మాట. అమెరికా వంట పుస్తకములలోని కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మరికొన్ని దేశములలో కప్పు 250. విద్యుత్తుతో అన్నము వండు పాత్రలతో ఇచ్చు చిన్న కప్పు సాధారణముగా 180. మూడింటిని కప్పు అనియే పిలుతురు! మనము సోలను నిందించుట న్యాయము కాదు.

నూనె పొట్లములపై లీటరు అనియు, ప్రక్కన 910 గ్రాములనియు ఉండుటను చూచి మోసమని తగవులాడువారు కలరు. మోసము కాదు. నూనె నీటికంటె తేలిక. వేడియెక్కిన ఇంకను తేలికయగును. కొందరు వ్యాపారులు 60 డిగ్రీల వేడిమి వద్ద లీటరు అని ముద్రించి, లోపల తక్కువ బరువు పోయుచుండుటచే, 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు వేడిమి ప్రస్తావన లేకుండ ఘనపరిమాణముతో పాటు బరువునుగూడ సరిగా ముద్రింపవలెనని ఆదేశించిరి. కౌటిల్యుని ద్రోణములకు ఈ పొట్లములకు నడుమ రెండువేల యేండ్లు గడచినవి. తగవు మాత్రము అదియే.

కొలతకు తూనికకు గల తేడా ఇంటిలో నలుగురికి వండునపుడు అంతగా తెలియదు. సంఘ భోజనములలో తెలియును. అన్నమునకు “ఒకటికి రెండు” అని అందరును చెప్పుదురు, గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీళ్లు. ఇది కొలత. పది కిలోల బియ్యము గుండిగలో పోసి, ఇదే సూత్రము చొప్పున ఇరువది లీటర్ల నీరు పోసిరనుకొనుడు. అన్నము పలుకుగానే దిగును. ఏలననగా కిలో బియ్యము లీటరు కాదు, లీటరుంబావు. దానికి రెండింతలు రెండున్నర లీటర్లు. పది కిలోలకు ఇరువదియైదు. అయిదు లీటర్లు తగ్గినవి! పెద్ద గుండిగలో మూతపెట్టి వండునపుడు ఆవిరియై పోవు నీరు పాలునుబట్టి తక్కువ గనుక, చేయి తిరిగిన వంటవాడు ఇరువదియైదుకు కొంచెము తగ్గించియే పోయును. అయినను ఇరువదికి దిగడు. గంజి వార్చు పద్ధతిలో ఈ లెక్క అవసరమే లేదు. మన పూర్వులు పెద్ద వంటలకు వార్పునే నమ్ముకొనుటకు ఇదియు ఒక కారణమై యుండవచ్చును.

ఇక ఢిల్లీ ఇల్లాలి యొద్దకు మరల వత్తము. పెద్దాయన ఆమెచేత చేయించినది కష్టమైన పని కాదు. మొదట అన్నగారికి మరల ఫోను. ఈమారు బియ్యము కాదు, నీరు. సోలను ఖాళీగా తూచి, అంచువరకు నీరు పోసి తూచి, మొదటిది రెండవదానిలో తీసివేయవలెను. నీరు గ్రాము ఒక మిల్లీలీటరు గనుక, వచ్చిన గ్రాములే సోల పట్టు మిల్లీలీటర్లు. అన్నగారు కిరాణా దుకాణము కాటాపై నీళ్లు పోయుటకు వెనుదీసి ఇంటిలోనే ఒక కాటా సంపాదించి తూచిరి. 400 వచ్చినది. ఇక సోలతో పని లేదు. అది ఎంత చోటో తెలిసినది.

తరువాతి పని ఢిల్లీలోనే. ఒక స్టీలు గ్లాసును నీటితో తూచి, సరిగా 200 మిల్లీలీటర్లకు గోటితో గుర్తు పెట్టుకొన్నది. ఆ గుర్తువరకు ఆమె వాడు ఉప్పు, ఆమె పట్టించిన కారము, ఆమె దంచిన ఆవపిండి వేర్వేరుగా పోసి తూచినది. ఉప్పు 240 గ్రాములు, కారము 95, ఆవపిండి 90. సోల గ్లాసుకు రెండింతలు గనుక సోలెడు కారము 190, సోలెడు ఆవపిండి 180, ముప్పాతిక సోల ఉప్పు 360. ముక్కలను గ్లాసులో కొలుచుటకు పెద్దాయన ఒప్పుకొనలేదు. “చిన్న పాత్రలో పెద్ద ముక్కలు సర్దుకోవమ్మా, సందులు ఎక్కువ పడతాయి” అని రెండు లీటర్ల గిన్నె తెప్పించిరి. అయిదు సోలలు రెండు లీటర్లే గనుక లెక్కయు సులువైనది. గిన్నెడు టెంకె ముక్కలు 1200 గ్రాములు తూగినవి. సోలన్నర నువ్వుల నూనె 600 మిల్లీలీటర్లు, అనగా 550 గ్రాములు.

ఈ అంకెలను పోయిన యేటి అంకెలతో ప్రక్కప్రక్కన వ్రాసినప్పుడు గాని ఆమెకు జరిగినది బోధపడలేదు. అమ్మ లెక్కలో కిలో ముక్కలకు ఉప్పు 300 గ్రాములు. తాను వేసినది 150. సరిగా సగము. కారమును ఆవపిండియు మాత్రము అమ్మ లెక్కకంటె మూడవ వంతు వరకు ఎక్కువ పడినవి. నూనె మూడవ వంతు తగ్గినది. కలిపిన మొత్తములో అమ్మ ఆవకాయకు ఉప్పు నూటికి 14 పాళ్లకు పైగా, ఈమె జాడీలో 8 పాళ్లు. ముక్కలలోని నీటిని లాగి, ఆ నీటిలో తాను దట్టముగా కరగియుండి బూజును రానీయక కాపాడునది ఉప్పు. పైన నిలిచి గాలిని ఆపునది నూనె. రెండు కావలివాండ్రను తగ్గించి, ఘాటును మాత్రము పెంచిన జాడీ వానాకాలము దాటకపోవుటలో వింత యేమున్నది? ఆమె చేతిలో లోపము లేదు. బియ్యపు బరువు ఉప్పు పేర నమోదైనది, అంతియే. కార్యాలయములలో ఒక పద్దు క్రింద వ్రాయవలసినది ఇంకొక పద్దు క్రింద వ్రాసిన కలుగు అనర్థము అందరికిని తెలిసినదే.

అయినను ఒక సందేహము మిగిలినది. అమ్మ సోలను చదునుగా కొలిచినదా, కుప్పగా కొలిచినదా? పుస్తకములో లేదు. కాటా చెప్పలేదు, పెద్దాయనయు చెప్పలేకపోయిరి. అన్నగారిని అడిగిన తాను ఎన్నడును ఆ వైపు చూడలేదనిరి. ఫోను వదినగారి చేతికి పోయినది.

“ఉప్పుకైతే అరచేత్తో గీసేదమ్మా అత్తయ్య. కారానికి గీసేది కాదు, పైకి పోసేది. మీ అన్నయ్యకు కారం ఇష్టమని.”

పెద్దాయన సోల మూతి ఎంత వెడల్పో అడిగి తెలిసికొనిరి. 8 సెంటీమీటర్లు. కుప్పకు 20 గ్రాములు కలుపుమనిరి. కారము 210 అయినది.

ఆ యేడు ఆవకాయ మంచి యెండ కాచిన ఒక ఆదివారమున పెట్టిరి. జాడీ మూతికి తెల్లని గుడ్డ కట్టి, పురికొస బిగించినది ఇల్లాలే. మూడవనాడు విప్పి కలిపినప్పుడు నూనె ముక్కలపై వ్రేలి మందమున తేలినది. శ్రావణము గడచినది, భాద్రపదము గడచినది. దసరాకు అన్నగారు ఢిల్లీ వచ్చి, మొదటి ముద్ద తిని, ఏమియు అనక రెండవమారు వడ్డించుమని విస్తరి ముందుకు జరిపిరి.

నోటు పుస్తకములో ఆ అయిదు పంక్తుల ప్రక్కన ఇప్పుడు వేరు సిరాతో గ్రాములున్నవి. ప్రతి అంకె ప్రక్కన ఏ ఉప్పు, ఏ కారము, చదునుగానా కుప్పగానా అనునదియు వ్రాసియున్నది. మెంతుల యెదుట మాత్రము “గుప్పెడు” అని అమ్మ వ్రాసినది అట్లే యున్నది.